గడియారం గంట ముందుకు, గంట వెనక్కి: డేలైట్ సేవింగ్ టైమ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఈ సందేహాలన్నీ మళ్లీ మొదలవుతాయి. అడిగేది అమెరికాకో లండన్‌కో కొత్తగా వెళ్లినవాళ్లే కాదు. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో కూర్చుని వాళ్లతో పనిచేసేవాళ్లు, వాళ్ల ఫోన్ కోసం ఎదురుచూసే అమ్మానాన్నలు కూడా అడుగుతుంటారు.

అసలు డేలైట్ సేవింగ్ టైమ్ అంటే ఏమిటి?

ఎండలు ముదరకముందే గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, చలికాలం మొదలయ్యేటప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 కాగానే గడియారం 3 చూపిస్తుంది. ఆ రాత్రికి ఒక గంట గల్లంతు. నవంబరు మొదటి ఆదివారం 2 కాగానే తిరిగి 1కి వస్తుంది, పోయిన గంట దొరుకుతుంది. కెనడాలో ఎక్కువ చోట్ల ఇదే పద్ధతి. బ్రిటన్‌లో, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి.

ఆస్ట్రేలియాలో రుతువులే తలకిందులు కాబట్టి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. బ్రిస్బేన్‌లో ఈ గొడవ లేదు.

గడియారం మారిస్తే వెలుతురు ఎలా మిగులుతుంది?

మిగలదు. సూర్యుడు ఎప్పటిలాగే వస్తాడు, పోతాడు. మారేది మన దినచర్య. జూన్‌లో న్యూయార్క్ సంగతి చూడండి. గడియారం జరపకపోతే ఉదయం నాలుగున్నర లోపే తెల్లవారిపోతుంది, సాయంత్రం ఏడున్నరకు పొద్దు గూకుతుంది. నాలుగున్నరకు లేచేవాడు ఎవడు? ఆ ఎండంతా కర్టెన్ల వెనక వృథా. గంట ముందుకు జరిపితే తెల్లవారడం అయిదున్నరకు, చీకటి పడటం ఎనిమిదిన్నరకు. ఆఫీసు నుంచి వచ్చాక పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లడానికి టైమ్ దొరుకుతుంది.

అంటే దేశం మొత్తాన్ని ఒక గంట ముందు నిద్ర లేపాలి. "రేపటి నుంచి అందరూ ఆరుకు బదులు అయిదుకు లేవండి" అని ప్రభుత్వం చెబితే ఎవరూ వినరు. గడియారంలోనే ఆరు చూపిస్తే మారుమాట్లాడకుండా లేస్తారు. ఈ పథకం బలమంతా అక్కడే ఉంది, దాని మీద ఉన్న కోపమూ అక్కడి నుంచే పుట్టింది.

మన దేశంలో ఎందుకు లేదు?

మనకు దాని అవసరం పెద్దగా లేదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ వేసవి పగలుకీ చలికాలం పగలుకీ తేడా తగ్గిపోతుంది. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు సుమారు 13 గంటల 15 నిమిషాలు, డిసెంబరులో 11 గంటలు. రెంటికీ తేడా రెండుంపావు గంటలే. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా ఉండదు. అక్కడ గంట అటూఇటూ జరిపితే జనానికి తెలుస్తుంది. ఇక్కడ జరిపితే తలనొప్పి తప్ప మిగిలేది తక్కువ.

పైగా మే నెలలో రాయలసీమలోనో రామగుండంలోనో సాయంత్రం ఇంకో గంట ఎండ కావాలని కోరుకునేవాళ్లు ఉంటారంటే నమ్మడం కష్టం. పొద్దు ఎప్పుడు వాలుతుందా అని చూసే ఊళ్లు మనవి.

ఎప్పుడూ లేదా మరి?

ఒకసారి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు భారత ప్రామాణిక కాలాన్ని గంట ముందుకు జరిపారు. అంటే గ్రీనిచ్ కంటే ఐదున్నర బదులు ఆరున్నర గంటలు ముందు. యుద్ధం ముగిశాక తీసేశారు.

దీనికి దగ్గరి చర్చ ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి ఉంటుంది. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర, మన వైపు తుని దగ్గర పోతుంది. తునికి బాగానే ఉంటుంది, అస్సాంకే ఇబ్బంది. అక్కడ వేసవిలో నాలుగున్నరకే తెల్లవారిపోతుంది. అందుకే తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందు పెట్టుకునే అలవాటు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉంది. దాన్ని చాయ్ బగాన్ టైమ్ అంటారు. ఈశాన్య రాష్ట్రాలకు వేరే కాలమండలం ఇవ్వాలన్న వాదన వచ్చినప్పుడల్లా ఈ తోటల ప్రస్తావన వస్తుంది.

దీన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టాడంటారు, నిజమేనా?

కాదు. 1784లో పారిస్‌లో ఉన్నప్పుడు ఆయన అక్కడి పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. పారిస్ జనం మధ్యాహ్నం దాకా పడుకుని, రాత్రంతా కొవ్వొత్తులు తగలేస్తున్నారని వెక్కిరింత. కిటికీ తలుపులు మూసుకునేవాళ్ల మీద పన్ను వేయాలి, పొద్దు పొడవగానే చర్చి గంటలు మోగించాలి, అవి చాలకపోతే వీధివీధినా ఫిరంగులు పేల్చాలి అని సలహాలిచ్చాడు. గడియారం ముట్టుకోవాలని ఎక్కడా అనలేదు. పెద్ద పేరు తగిలిస్తే విషయానికి బరువు వస్తుంది కాబట్టి ఈ కథ ఇప్పటికీ చెలామణీ అవుతోంది.

మరి అసలు ఆలోచన ఎవరిది?

ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. ఒకరికొకరు సంబంధం లేని మనుషులు.

మొదటివాడు న్యూజిలాండ్‌కు చెందిన జార్జ్ హడ్సన్. వెల్లింగ్టన్ పోస్టాఫీసులో ఉద్యోగం, పురుగుల మీద పిచ్చి. షిఫ్టు అయ్యాక దొరికే పగటి వెలుతురులోనే ఆయన పురుగుల వేట. ఆ వెలుతురు విలువ బాగా తెలిసినవాడు కాబట్టి 1895లో అక్కడి శాస్త్ర సంఘం ముందు ఒక వ్యాసం చదివాడు: వేసవిలో గడియారాలు ఏకంగా రెండు గంటలు ముందుకు జరపాలని. సభలో నవ్విపోయారు. 1927లో న్యూజిలాండ్ వేసవి కాలమానం తెచ్చేనాటికి ఆయన బతికే ఉన్నాడు.

రెండోవాడు విలియం విల్లెట్, ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. తెల్లవారుజామున లండన్ శివార్లలోని పెట్స్‌వుడ్ అడవి వైపు గుర్రం మీద వెళ్లేవాడు. ఎండ ఎంతగా కాస్తున్నా దారిలోని ఇళ్ల కిటికీలన్నీ మూసే ఉండేవి. అది చూసి మనసు ఉండబట్టలేక 1907లో సొంత ఖర్చుతో ఒక కరపత్రం వేశాడు. ఆయన లెక్క వేరు: ఒక్కసారిగా గంట కాదు, ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మొత్తం 80 నిమిషాలు. సెప్టెంబరులో అదే వరుసలో వెనక్కి. సంవత్సరానికి ఎనిమిదిసార్లు గడియారం తిప్పుకోవాలన్నమాట!

1908లో బిల్లు పార్లమెంటుకు వెళ్లింది. యువ విన్‌స్టన్ చర్చిల్ లాంటివాళ్లు వెనకేసుకొచ్చారు. అయినా గట్టెక్కలేదు. విల్లెట్ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి 1915లో చనిపోయాడు. సరిగ్గా మరుసటి ఏడాది చట్టం వచ్చింది. పెట్స్‌వుడ్ అడవిలో ఆయన జ్ఞాపకార్థం ఒక నీడ గడియారం ఉంది. అది చూపించేది వేసవి కాలమానమే.

విల్లెట్ మాట వినని ప్రభుత్వాలు మరుసటి ఏడాదే ఎందుకు విన్నాయి?

యుద్ధం. దీపాలకూ కరెంటుకూ బొగ్గు కావాలి, అదే బొగ్గు యుద్ధానికీ కావాలి. 1916 ఏప్రిల్ 30న జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ గడియారాలు జరిపాయి. మూడు వారాల్లో, మే 21న, బ్రిటన్ కూడా జరిపింది. శత్రువు చేశాక మనం చేయకపోతే వెనకబడిపోతామన్న టెన్షన్ ముందు పార్లమెంటు అభ్యంతరాలు నిలవలేదు.

దేశాలకంటే ముందు చేసిన ఊళ్లు లేకపోలేదు. కెనడాలో పోర్ట్ ఆర్థర్ అనే పట్టణం, ఇప్పటి థండర్ బే, 1908 జులై 1నే జరిపింది. కానీ ప్రపంచానికి అంటించింది మాత్రం యుద్ధమే. అమెరికా 1918 మార్చి 31న మొదలుపెట్టింది. రెండో యుద్ధంలో బ్రిటన్ ఇంకో మెట్టెక్కి వేసవిలో రెండు గంటలు జరిపింది. అమెరికా 1942 ఫిబ్రవరి నుంచి 1945 సెప్టెంబరు వరకు ఏడాది పొడవునా గంట ముందే ఉంది.

రైతుల కోసం పెట్టారని విన్నాం.

తప్పు. నిజానికి దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లే రైతులు. కోసిన గడ్డి మీద మంచు ఆరేదాకా మోపు కట్టకూడదు. మంచు ఆరేది ఎండను బట్టి, గడియారాన్ని బట్టి కాదు. కూలీలు మాత్రం గడియారం చూసి వస్తారు, గడియారం చూసి పోతారు. దాంతో పొద్దున గంట ఊరికే కూర్చోబెట్టి కూలి ఇవ్వాలి, సాయంత్రం పని ఊపందుకునే వేళకు వాళ్లు ఇంటికి. ఆవులకు గడియారం చదవడం రాదు, వాటి పాల వేళ వాటిదే. పాలు పట్నం చేర్చే రైలు మాత్రం గంట ముందే బయల్దేరిపోతుంది.

1919లో అమెరికా కాంగ్రెస్ ఈ పద్ధతిని రద్దు చేసింది, అదీ అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వీటోను కాదని. అందులో రైతుల ఒత్తిడి పాత్ర పెద్దది. అయినా వందేళ్లుగా రైతుల పేరే చెబుతున్నారు.

రద్దయ్యాక మళ్లీ ఎలా వచ్చింది?

దేశం మొత్తానికి రద్దయింది కానీ కావాలనుకున్న నగరాలు కొనసాగించాయి. రెండో యుద్ధం తర్వాత అది మరీ ముదిరింది. 1945 నుంచి 1966 వరకు ఏ రాష్ట్రం, ఏ ఊరు ఎప్పుడు జరుపుతుందో, అసలు జరుపుతుందో లేదో వాళ్లిష్టం. వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ నుంచి ఒహాయోలోని స్టూబెన్‌విల్‌కు బస్సులో 35 మైళ్లు. ఆ కాస్త దూరంలో ప్రయాణికుడు చేతి గడియారం ఏడుసార్లు మార్చుకోవాల్సి వచ్చేది. 1965లో మిన్నెసోటాలో పక్కపక్కనే ఉన్న జంట నగరాలు మినియాపొలిస్, సెయింట్ పాల్ కొన్నాళ్లు వేర్వేరు టైముల్లో నడిచాయి. సికింద్రాబాద్‌లో పదైతే హైదరాబాద్‌లో తొమ్మిదన్నట్టు.

రైళ్లు, బస్సులు, టీవీ కంపెనీలు తల పట్టుకున్నాయి. 1966లో ఏకరూప కాలమాన చట్టం వచ్చింది: జరిపితే అందరూ ఒకే రోజున జరపాలి, వద్దనుకుంటే రాష్ట్రం మొత్తం మానుకోవచ్చు. తేదీలు తర్వాత మారుతూ వచ్చాయి. ఇప్పుడున్న మార్చి–నవంబరు తేదీలు 2005 నాటి చట్టం ప్రకారం 2007 నుంచి అమల్లో ఉన్నాయి.

కరెంటు నిజంగా ఆదా అవుతోందా?

చాలా కొద్దిగా, లేదా అసలు లేదు. 2007లో వేసవి టైమ్‌కు కొత్తగా కలిపిన నాలుగు వారాల మీద అమెరికా ఇంధన శాఖ 2008లో లెక్క తీసింది: ఆ రోజుల్లో రోజుకు 0.5 శాతం, ఏడాది మొత్తం మీద చూస్తే 0.03 శాతం. ఇండియానా రాష్ట్రంలో కథ ఇంకోలా తేలింది. అక్కడ చాలా జిల్లాలు 2006 దాకా గడియారం జరిపేవి కావు, ఆ ఏడాది అన్నీ మొదలుపెట్టాయి. ముందూ వెనకా బిల్లులు పోల్చి చూస్తే ఇళ్లల్లో వాడకం సుమారు ఒక శాతం పెరిగింది. లైట్లు ఆలస్యంగా వేసుకున్నది నిజమే. ఎండ తగ్గకముందే ఇల్లు చేరినవాళ్లు ఏసీ ఎక్కువసేపు వేసుకున్నదీ నిజమే. 1916లో కరెంటు అంటే దీపం. ఇప్పుడు ఎల్ఈడీ బల్బుకు ఎంత ఖర్చవుతుందని?

కరెంటు మిగలకపోతే ఇంకా ఎవరికి కావాలి?

సాయంత్రం అమ్ముకునేవాళ్లకు. ఆఫీసు వదిలాక వెలుతురుంటే జనం నేరుగా ఇంటికి పోరు. షాపింగ్, ఆట, పెట్రోలు, తిండి. 1980ల మధ్యలో ఈ కాలాన్ని పొడిగించాలని కాంగ్రెస్ ముందుకు వచ్చినవాళ్లలో గోల్ఫ్ క్లబ్బులవాళ్లు, పెరటి పొయ్యిలూ బొగ్గులూ అమ్మేవాళ్లు ఉన్నారు. మిఠాయి కంపెనీలకు అక్టోబరు 31 నాటి హాలోవీన్ సాయంత్రం వెలుతురులో ఉండాలని ఎప్పటి నుంచో కోరిక. 2007 నుంచి తీరింది. ఇంధన ఆదా అనే బోర్డు కింద నడుస్తున్న వ్యాపారం ఇది అనుకుంటే పెద్ద తప్పేమీ లేదు. అలాగని జనానికి ఇష్టం లేదనీ కాదు. వేసవి సాయంత్రం ఎనిమిదిన్నరకు వెలుతురుంటే ఎవరికి చేదు?

గంట నిద్ర పోతే ఆరోగ్యానికి ఏమవుతుంది?

మార్చి మార్పే ఇబ్బంది పెడుతుంది. 2008లో వచ్చిన స్వీడన్ పరిశోధన ఒకటి గడియారం ముందుకు జరిపిన తర్వాతి రోజుల్లో గుండెపోట్లు కొద్దిగా పెరుగుతున్నాయని చూపించింది. అమెరికాలో ఆ వారం ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు 6 శాతం దాకా పెరుగుతున్నట్టు 2020లో మరో అధ్యయనం వచ్చింది. అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ అయితే ఈ పద్ధతే వద్దు, ఏడాదంతా ప్రామాణిక కాలమే, అంటే చలికాలం టైమే, ఉంచండి అంటోంది. చిన్నపిల్లలున్నవాళ్లు ముందు మూడు నాలుగు రోజులు పావుగంట చొప్పున నిద్ర వేళ జరుపుకుంటే సోమవారం ఉదయం స్కూల్ బస్సు దగ్గర ఏడుపులు తగ్గుతాయి.

ఇంత తిట్టుకునే బదులు తీసేయొచ్చుగా?

మార్చడం వద్దని దాదాపు అందరూ అంటారు. ఏ టైమ్ దగ్గర ఆపాలన్న చోటే పేచీ.

వేసవి టైమే శాశ్వతం చేద్దామని అమెరికా ఒకసారి ప్రయత్నించింది. చమురు సంక్షోభంలో నిక్సన్ ప్రభుత్వం 1974 జనవరి 6న గంట ముందుకు జరిపింది, రెండేళ్లు అలాగే ఉంచాలని. అంతకుముందు డిసెంబరులో 79 శాతం జనం సరేనన్నారు. తీరా చలికాలం ఉదయాలు కటిక చీకటి. పిల్లలు టార్చిలైట్లు పట్టుకుని బడికి వెళ్లారు. ఫ్లోరిడాలో చీకట్లో వాహనాలు గుద్ది పిల్లలు చనిపోయారు. ఫిబ్రవరికల్లా మద్దతు 42 శాతానికి పడింది. అక్టోబరులో మళ్లీ పాత పద్ధతి. బ్రిటన్ కూడా 1968 నుంచి 1971 దాకా ఇదే చేసి చూసి వదిలేసింది. స్కాట్లండ్‌లో తెల్లవారేసరికి ఆఫీసులు మొదలైపోయేవి. రష్యా 2011లో వేసవి టైమ్‌లో స్థిరపడి, జనం మొత్తుకుంటే 2014లో చలికాలం టైమ్‌కు మారింది.

సరే, చలికాలం టైమే ఉంచేద్దామా అంటే న్యూయార్క్‌లో జూన్ తెల్లవారడం నాలుగున్నర లోపే అవుతుంది, గోల్ఫ్ క్లబ్బులు ఊరుకోవు. వేసవి టైమే అంటే డెట్రాయిట్‌లో జనవరి మొదట్లో 9 గంటలకు గాని సూర్యుడు కనిపించడు.

2022 మార్చిలో అమెరికా సెనేట్ వేసవి టైమ్‌ను శాశ్వతం చేసే బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతినిధుల సభ దాన్ని తీసుకోనే లేదు. యూరప్‌లో 2018 అభిప్రాయ సేకరణకు 46 లక్షల మంది స్పందిస్తే 84 శాతం మార్పు వద్దన్నారు. 2019లో యూరోపియన్ పార్లమెంటు కూడా ఓటేసింది. సభ్య దేశాలు ఒక మాట మీదకు రాక అది అక్కడే ఆగింది. తెగించి మానేసినవాళ్లూ ఉన్నారు: బ్రెజిల్ 2019లో, మెక్సికో చాలా భాగంలో 2022లో.

అరిజోనాలో మారదంటారు, ఎందుకని?

ఫీనిక్స్ ఎండలు తెలిసినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. అక్కడ వేసవిలో చీకటి పడితేనే ప్రాణం కుదుటపడుతుంది. హవాయిలో కూడా లేదు, అది మనలాగే ఉష్ణమండలం. చిత్రమేమిటంటే అరిజోనాలోనే ఉన్న నవాహో తెగ ప్రాంతంలో గడియారం మారుస్తారు, దాని మధ్యలో ఉన్న హోపి తెగ ప్రాంతంలో మార్చరు.

ఇండియాతో తేడా ఎంత, ఎప్పుడు మారుతుంది?

మన టైమ్ కదలదు, తేడాయే మారుతుంది. న్యూయార్క్, అట్లాంటాలతో వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. డాలస్, షికాగోలతో పదిన్నర, పదకొండున్నర. బే ఏరియా, సియాటిల్‌తో పన్నెండున్నర, పదమూడున్నర. లండన్‌తో నాలుగున్నర, ఐదున్నర. మెల్‌బోర్న్ మనకంటే ముందుంటుంది: వాళ్ల చలికాలంలో నాలుగున్నర, వేసవిలో ఐదున్నర.

డాలస్‌లో శనివారం రాత్రి 9కి ఫోన్ చేస్తే వేసవిలో ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర, నవంబరు తర్వాత ఎనిమిదిన్నర. ఏడున్నరకు కాఫీ తాగుతూ మాట్లాడే అమ్మ ఎనిమిదిన్నరకు పూజలో ఉండొచ్చు. ఫోన్ ఎత్తలేదని కంగారు పడకండి.

మీటింగ్ టైమ్ మారుతుందా, మారదా?

మీటింగ్ ఎవరి టైమ్‌లో పెట్టారన్నది చూడండి. న్యూయార్క్ మేనేజర్ ఉదయం 10కి పెడితే హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి ఏడున్నర, నవంబరు నుంచి ఎనిమిదిన్నర. అదే హైదరాబాద్ వాళ్లు రాత్రి ఏడున్నరకు పెట్టి ఉంటే ఇక్కడ కదలదు, నవంబరులో అమెరికా వాళ్లకు ఉదయం 9 అవుతుంది. మార్చిలో అమెరికా మారిన రెండు మూడు వారాలకు గాని లండన్ మారదు. మూడు దేశాల మీటింగ్‌లున్నవాళ్లకు ఆ వారాల్లో తల ప్రాణం తోకకు వస్తుంది.

ఇంకో మాట. న్యూయార్క్ టైమ్‌ను చాలామంది ఏడాదంతా ఈఎస్టీ (ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్) అనే రాసేస్తారు. అది చలికాలం టైమ్. వేసవిలో ఉండేది ఈడీటీ (ఈస్టర్న్ డేలైట్ టైమ్). కంప్యూటర్‌లో ఈఎస్టీ అని ఖాయం చేస్తే గంట తేడా రావచ్చు, అందుకే ఊరి పేరుతో న్యూయార్క్ అని ఎంచుకోవడం మేలు.

నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ల సంగతి?

నవంబరు రాత్రి ఎనిమిది గంటల షిఫ్ట్ తొమ్మిది గంటలవుతుంది. అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకు పనిచేసిన తొమ్మిది గంటలకూ ఇవ్వాలి, పే స్లిప్ చూసుకోండి. ఆ రాత్రి టైమ్‌కే నడుస్తున్న ఆమ్‌ట్రాక్ రైళ్లను స్టేషన్‌లో గంటసేపు ఆపేస్తారు, లేకపోతే ముందే చేరిపోతాయి కదా. మార్చిలో ఉన్నపళంగా గంట లేటవుతాయి, వీలైనంత అందుకుంటాయి.

రాహుకాలం ఎలా చూసుకోవాలి?

నోటికొచ్చిన ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు లెక్క అక్కడ పనికిరాదు. అది ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి అస్తమయం అనుకుని వేసుకున్నది. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం చివరి భాగం రాహుకాలం. మార్చిలో గడియారం మారిన ఆదివారం డాలస్‌లో సూర్యోదయం సుమారు ఉదయం 7:48, అస్తమయం సాయంత్రం 7:31. ఒక్కో భాగం 88 నిమిషాలు. రాహుకాలం ఆరు దాటాక మొదలై ఏడున్నర దాకా ఉంటుంది. నాలుగున్నరకు కొత్త కారు తెచ్చుకోవద్దని ఆపుకున్నవాళ్లు ఆరున్నరకు వెళ్లి తెచ్చుకుంటే సరిగ్గా అందులో పడతారు. మీ ఊరి పేరుతో లెక్కించిన పంచాంగమే చూడండి, అందులో వేసవి టైమ్ కలిపారో లేదో ముందు పేజీలో ఉంటుంది. లండన్ వాళ్లకు 2025లో ఉగాది, గడియారం మారడం ఒకే రోజున, మార్చి 30న వచ్చాయి.

పిల్లల జాతకానికి పుట్టిన టైమ్ ఏది ఇవ్వాలి?

ఆస్పత్రి కాగితం మీద ఉన్న టైమే ఇచ్చి, పుట్టిన ఊరు, తేదీ చెప్పండి. వేసవి టైమ్ గంట తీసేయడం లెక్క వేసేవాళ్ల పని. మీరే ఒకసారి తీసేసి, సాఫ్ట్‌వేర్ ఇంకోసారి తీసేస్తే గంట తేడా వస్తుంది. ఒక్కో లగ్నం ఉండేది సుమారు రెండు గంటలే, కాబట్టి లగ్నమే మారిపోవచ్చు.

చిక్కంతా నవంబరు ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంటకూ రెండింటికీ మధ్య పుట్టినవాళ్లతోనే. ఆ గంట రెండుసార్లు వస్తుంది. కవలల్లో పెద్దది 1:50కి పుట్టి, పావుగంట తర్వాత చిన్నది పుడితే కాగితం మీద 1:05 అని పడుతుంది, అక్క చెల్లెలైపోతుంది. ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంటే టైమ్ పక్కన ఈడీటీనా ఈఎస్టీనా అన్నది నర్సుతో అప్పుడే రాయించుకోండి.